ఊపిరిలో దొరికే లెక్క



నెల్లూరు జిల్లా బోగోలులో, పక్కనే ఉన్న బిట్రగుంటలో తెలతెలవారుతుండగానే నడకకు బయల్దేరేవాళ్లు కనిపిస్తారు. షుగరు వచ్చిందని డాక్టరు చెబితే నడిచేవాళ్లు కొందరు, రాకూడదని ముందే మొదలుపెట్టినవాళ్లు కొందరు. ఈమధ్య వాళ్లలో చాలామంది మణికట్టుకు స్మార్ట్ వాచీ చేరింది. అరగంట నడిచి ఆగి చూసుకుంటే అందులో 180 క్యాలరీలు అని కనబడవచ్చు. అదే దారిన, అదే వేగంతో, పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ నడిచిన స్నేహితుడి వాచీలో 240 ఉండవచ్చు. ఇద్దరిలో ఎవరి వాచీ నిజం చెబుతోంది? ఆ అంకె అసలు ఎక్కణ్ణుంచి వచ్చింది?

అదే బోగోలు మండలంలో, తూర్పున సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె ఉంది. ఇప్పుడక్కడ ఫిషింగ్ హార్బర్ కట్టారు. ఈ తీరం పొడవునా తరతరాలుగా మత్స్యకారులు ఇసుకలో కాళ్లు దిగబడుతుండగా, తాళ్లు పట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ పెద్ద వలలు ఒడ్డుకు లాగుతూనే ఉన్నారు. వాళ్ల మణికట్టుకు వాచీ లేదు. దాన్ని వ్యాయామం అని కూడా ఎవరూ అనరు. అయినా ఒంట్లో ఖర్చయ్యే శక్తి ఒకటే. ఇంకో మాట కూడా చెప్పాలి. శరీరం ఎంత శక్తి ఖర్చుపెడుతోందో కొలిచే శాస్త్రం పుట్టినప్పటినుంచీ దాని చూపు నిలిచింది నడకకు వెళ్లే మనిషి మీద కాదు, ఒళ్లు వంచి పనిచేసే మనిషి మీద.

క్యాలరీ అనేది వేడికి కొలత. లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో, తిండి గురించీ వ్యాయామం గురించీ మాట్లాడేటప్పుడు ఒక క్యాలరీ అంటే అంత. శాస్త్ర గ్రంథాల్లో దీన్ని కిలో క్యాలరీ అని రాస్తారు. తిన్న అన్నం, నూనె, చేప ఒంట్లో ఆక్సిజన్‌తో కలిసి, మంట లేకుండా, నెమ్మదిగా కాలుతాయి. అప్పుడు వచ్చే శక్తితోనే గుండె కొట్టుకుంటుంది, కాలు కదులుతుంది. ఈ సంగతి పట్టుకున్నది ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లెవోయిజర్. 1780ల్లో ఆయన లాప్లాస్‌తో కలిసి ఒక గినీ పందిని మంచు చుట్టిన పాత్రలో ఉంచాడు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగింది, అదే సమయంలో అది ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలింది, రెండూ చూశాడు. అంతే వాయువు వచ్చేలా బొగ్గు కాల్చినప్పుడు పుట్టే వేడితో పోల్చుకున్నాడు. ఊపిరికీ నిప్పుకూ చుట్టరికం ఉందని అక్కడ తేలింది.

ఆ తరువాత మనిషి వంతు వచ్చింది. లెవోయిజర్‌కు సహాయకుడిగా ఉన్న సెగాన్ ముఖానికి తొడుగు బిగించుకుని కూర్చుని, పాదంతో ఒక బరువును పదే పదే తొక్కేవాడు. అతను పీల్చిన ఆక్సిజన్‌ను కొలిచేవారు. ఊరికే కూర్చున్నప్పటికంటే పనిచేస్తున్నప్పుడు రెండు మూడు రెట్లు ఎక్కువ ఆక్సిజన్ పట్టింది. ఈ ప్రయోగాన్ని లెవోయిజర్ భార్య బొమ్మగా గీసింది. ఓ పక్కన బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసుకుంటున్న తన బొమ్మ కూడా అందులో వేసుకుంది. వ్యాయామంలో శక్తి ఖర్చును కొలుస్తున్న మొట్టమొదటి చిత్రాల్లో అదొకటి.

1789లో ఊపిరి గురించి రాసిన పత్రంలో లెవోయిజర్ ప్రయోగశాల దాటి ఒక ప్రశ్న వేశాడు. చేతులతో పనిచేసి బతికే పేదవాడి శరీరం ఎక్కువ ఖర్చవుతోంది కదా, మరి అతని కంచంలోనే తిండి ఎందుకు తక్కువగా ఉంటోంది? పని తక్కువ ఉన్న ధనవంతుడి ఇంట్లోనే ఎందుకు నిండుగా ఉంటోంది? విప్లవం మొదలైన ఏడాది వేసిన ప్రశ్న అది. ఆ విప్లవమే 1794లో ఆయన్ను గిలెటిన్ ఎక్కించింది. ప్రశ్న మాత్రం మిగిలింది. దానికి మన దేశంలో దొరికిన సమాధానం ఏమిటో కాసేపట్లో చూద్దాం.

ఊపిరిని బట్టి లెక్క కడితే సరిపోతుందా, నిజంగా ఒంట్లోంచి వచ్చే వేడి అంతే ఉంటుందా అన్న అనుమానం వంద సంవత్సరాలు నిలిచింది. దాన్ని తీర్చినవాడు అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఆట్‌వాటర్. 1890ల్లో ఆయనా, భౌతిక శాస్త్రజ్ఞుడు రోసా కలిసి మనిషి పట్టేంత చిన్న గది ఒకటి కట్టారు. గోడల వెంబడి గొట్టాల్లో చల్లని నీళ్లు పారుతుంటాయి. లోపలి మనిషి ఒంటి వేడికి ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో కొలుస్తారు. లోపలికి ఏ గాలి వెళ్లింది, బయటికి ఏ గాలి వచ్చింది, అదీ కొలుస్తారు. తిండి లోపలికి, మలమూత్రాలు బయటికి వెళ్లడానికి చిన్న కిటికీ. మనుషులు రోజుల తరబడి అందులోనే ఉండేవారు. కొందరు లోపల బిగించిన సైకిలు తొక్కేవారు. చివరికి ఊపిరి లెక్క, వేడి లెక్క ఒక శాతం లోపు తేడాతో కలిశాయి. ఆ రోజు నుంచి ఊపిరిని కొలిస్తే చాలని శాస్త్రజ్ఞులకు ధైర్యం వచ్చింది.

ఇక గదిలోంచి బయటికి రావడమే మిగిలింది. 1911లో ఇంగ్లండులో డగ్లస్ అనే శరీర శాస్త్రజ్ఞుడు ఒక పెద్ద సంచి తయారుచేశాడు. నోట్లో గొట్టం, ముక్కుకు క్లిప్పు, వీపున సంచి. పీల్చేది బయటి గాలి, వదిలేది సంచిలోకి. ఇప్పటికీ దాన్ని డగ్లస్ సంచి అనే అంటారు. ఇప్పుడు ఆసుపత్రుల్లో, క్రీడా కేంద్రాల్లో ముఖానికి తొడుగు కట్టి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించే యంత్రాలన్నీ ఆ సంచికి మనవళ్లే.

ఆ సంచి లెక్క ఎలా నడుస్తుందో ఓ బోగోలు మనిషి మీద వేసి చూద్దాం. శ్రోతలు కాగితం, కలం వెతుక్కోనక్కర్లేదు, లెక్క చిన్నదే. మనిషి బరువు 60 కిలోలు. చదునైన రోడ్డు మీద గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాడు. నిమిషానికి ఇంచుమించు 18 లీటర్ల గాలి పీల్చి వదులుతాడు అనుకుందాం. బయటి గాలిలో వంద లీటర్లకు 21 లీటర్ల దాకా ఆక్సిజన్ ఉంటుంది. అతను వదిలిన గాలిలో 17 లీటర్లే ఉంటుంది. అంటే వందకు నాలుగు లీటర్లు ఒళ్లు వాడుకుంది. 18 లీటర్లకు ముప్పావు లీటరు కంటే కాస్త తక్కువ. ఒంట్లో ఒక లీటరు ఆక్సిజన్ ఖర్చయితే సుమారు ఐదు క్యాలరీల శక్తి వస్తుంది. కొవ్వు కాలుతుంటే కొంచెం తక్కువ, పిండిపదార్థం కాలుతుంటే కొంచెం ఎక్కువ, తేడా పెద్దది కాదు. ఆ లెక్కన అతను నిమిషానికి మూడున్నర క్యాలరీలు, అరగంటకు 105 క్యాలరీలు ఖర్చుపెట్టాడు.

ఇందులో ఇంకో తీసివేత ఉంది. వాచీలు దాన్ని తరచూ మరిపిస్తాయి. ఆ అరగంట అతను ఇంట్లో కుర్చీలో కూర్చున్నా గుండె, మెదడు, కాలేయం నడవడానికి 30 క్యాలరీలు ఎలాగూ అయ్యేవి. నడక వల్ల అదనంగా అయింది 75. గ్రాము నూనెలో తొమ్మిది క్యాలరీలు ఉంటాయి. కాబట్టి ఆ నడక విలువ ఎనిమిది గ్రాముల నూనె, రెండు టీస్పూన్లు కూడా నిండదు. నెల్లూరు చేపల పులుసు మీద తేలే నూనెలో అది ఎంత భాగమో వండినవాళ్లకు తెలుసు. ఇది నడకను చిన్నబుచ్చడానికి చెప్పే మాట కాదు. రక్తంలో చక్కెరకు, రక్తపోటుకు, గుండెకు, నిద్రకు నడక చేసే మేలు ఈ 75 క్యాలరీల కంటే చాలా పెద్దది. కానీ వాచీలో 240 చూసి, ఆ ధైర్యంతో హోటలు ముందు ఆగి రెండు నేతి దోసెలు తినేవాళ్లకు ఈ తీసివేత తెలియడం అవసరం.

ఊపిరి లెక్కకు లొంగని శ్రమ కూడా ఒకటి ఉంది. అది చెప్పడానికి మన చెడుగుడు కంటే మంచి ఉదాహరణ దొరకదు. కూతకు వెళ్లినవాడు దమ్ము వదలకుండా అవతలి కోర్టులోకి దూకుతాడు. ఒకణ్ణి తాకి, ఇద్దరి పట్టు విడిపించుకుని గీత మీద పడతాడు. ఆ కొన్ని సెకన్లలో అతను పీల్చిన గాలి దాదాపు ఏమీ లేదు. మరి అంత శక్తి ఎక్కడిది? వంద మీటర్ల పరుగులోనూ ఇదే ప్రశ్న. పరుగులో కంటే పరుగు ఆగిన తరువాతే మనిషి ఎక్కువ రొప్పుతాడు.

1920ల్లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్ ఈ ప్రశ్న వెంట పడ్డాడు. డగ్లస్ సంచి తగిలించుకుని గడ్డి మీద తనే పరుగెత్తి, పరుగు తరువాతి ఊపిరినీ కొలిచాడు. ఆ రొప్పుకు ఆయన పెట్టిన పేరు ఆక్సిజన్ అప్పు. కొట్లో ఖాతా రాయించి సరుకు తెచ్చుకున్నట్టు, కండరం ముందు శక్తి వాడేసుకుంటుంది, ఆనక ఊపిరి పీల్చి తీరుస్తుంది. కాబట్టి వ్యాయామం ఖర్చు కొలవాలంటే ఆట ఆగగానే తొడుగు తీసేయకూడదు, ఊపిరి మామూలయ్యే దాకా ఉంచాలి. ఇంతవరకు హిల్ చెప్పింది నిలబడింది. ఆ అప్పు ఎవరిస్తున్నారు అన్నదానికి ఆయన, జర్మనీ శాస్త్రజ్ఞుడు మైయర్‌హాఫ్ చెప్పిన జవాబు లాక్టిక్ ఆమ్లం. కండరం ముడుచుకోవడానికి శక్తి ఆ ఆమ్లం పుట్టడంలోంచే వస్తుందన్నారు. వాళ్లిద్దరికీ కండరం మీద చేసిన పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. జవాబు దొరికిందనే లోకం అనుకుంది.

ఆ జవాబును కదిలించినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో పుట్టిన సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మూత్రపాత్రలు ఎత్తే పని కూడా చేశాడు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడి దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేలిగ్గా కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి తయారుచేసి, 1925లో ప్రకటించారు. ఆ ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాల పాటు దాన్ని వాడాయి. మన కాలేజీల్లో బయోకెమిస్ట్రీ చదివినవాళ్లలో ఎంతోమంది ఆ నీలం చూసినవాళ్లే.

అదే పద్ధతిని కండరం మీద ప్రయోగించినప్పుడు రంగు వెంటనే రాలేదు. వచ్చినదీ నిలకడగా లేదు, నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనాలు పాడయ్యాయని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లే. ఫిస్క్, సుబ్బారావు అలా చేయలేదు. ఆలస్యానికి కారణం ఉండాలి అనుకున్నారు. కండరంలో ఏదో సున్నితమైన పదార్థం ఉంది, అది ఈ రసాయనాల్లోని ఆమ్లంలో కొద్దికొద్దిగా విరిగి ఫాస్ఫరస్‌ను వదులుతోంది, అందుకే రంగు నెమ్మదిగా పెరుగుతోంది అని తేల్చారు. 1927లో దాని వివరం ప్రకటించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని పనిచేయిస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతినిస్తే మళ్లీ నిండుతుంది. సరిగ్గా అదే సమయంలో లండన్‌లో ఎగిల్టన్ దంపతులూ ఇలాంటి పదార్థాన్నే గమనించారు. 1929లో సుబ్బారావు, ఫిస్క్ కండరంలోంచి ఇంకో పదార్థాన్ని వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా ఆ ఏడాదే దాన్ని కనుక్కున్నాడు. అది ఏటీపీ. చీమ నుంచి ఏనుగు దాకా ఏ జీవి కదిలినా ఆ క్షణాన ఖర్చయ్యేది అదే.

మరుసటి ఏడాది, 1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లండ్స్‌గార్డ్ ఒక మందుతో కండరంలో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపేశాడు. అయినా కండరం ముడుచుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయేదాకా పనిచేసింది. లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. హిల్ దాన్ని దాచుకోలేదు. కండరాల శాస్త్రంలో విప్లవం వచ్చిందని 1932లో తానే వ్యాసం రాశాడు. నోబెల్ పొందిన సిద్ధాంతం తప్పని తేలితే దాన్ని అంత పెద్ద మనసుతో ఒప్పుకోవడం శాస్త్ర చరిత్రలో గొప్ప ఘట్టం. కూతకు వెళ్లిన ఆటగాడికి మొదటి కొన్ని సెకన్ల శక్తి ఎక్కడిదో అప్పుడు తెలిసింది. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ, దాన్ని వెంటవెంటనే నింపే ఫాస్ఫోక్రియాటిన్. రెండూ కలిపి పది సెకన్లకు అటూ ఇటూ. ఆ తరువాత రొప్పు, ఆ రొప్పులో మళ్లీ నిండటం.

సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి ఫోలిక్ ఆమ్లం మీద, క్యాన్సర్ మందుల మీద పనిచేశాడు. తీరప్రాంతాన్ని పీడించిన బోదకాలు జబ్బుకు ఇచ్చే హెట్రజాన్ మందు కూడా ఆయన నడిపిన పరిశోధన బృందం నుంచే వచ్చింది. 1948లో 53 ఏళ్లకే కన్నుమూశాడు. వ్యాయామం గురించి జిమ్ముల్లో ఇంత మాట్లాడుకుంటున్నారు, క్రియాటిన్ పొడి డబ్బాలు అమ్ముతున్నారు, కొంటున్నారు. ఆ గోడల మీద ఎక్కడో ఒకచోట ఈ భీమవరం మనిషి బొమ్మ ఉండి తీరాలి.

ఇక, ఒళ్లు వంచి పనిచేసేవాడికే తిండి ఎందుకు తక్కువన్న లెవోయిజర్ ప్రశ్న దగ్గరికి వద్దాం. బిట్రగుంట పేరు చెబితే పాతతరానికి గుర్తొచ్చేది ఆవిరి ఇంజన్ల లోకో షెడ్డు. ఆ ఇంజన్లలో ఫైర్‌మ్యాన్ పని ఏమిటో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఊగే ఇంజనులో నిలబడి, మండే పొయ్యి ఎదుట, పారతో బొగ్గు ఎత్తి లోపలికి విసరడం. పార పట్టిన మనిషి ఎంత ఖర్చవుతాడో చెప్పే ప్రసిద్ధమైన కొలతలు స్కాట్లాండ్ బొగ్గుగనుల నుంచి వచ్చాయి. 1950ల్లో పాస్‌మోర్, డర్నిన్ మొదలైన శాస్త్రజ్ఞులు గని కార్మికుల వీపుకు ఊపిరి కొలిచే చిన్న పెట్టె కట్టి, రోజంతా నిమిషం నిమిషం ఏం చేస్తున్నారో రాశారు. బొగ్గు ఎత్తుతున్నప్పుడు నిమిషానికి ఆరేడు క్యాలరీలు ఖర్చయ్యాయి, మన నడక మనిషికి దాదాపు రెట్టింపు. రోజు మొత్తం మీద గని కార్మికుడి సగటు ఖర్చు 3,660 క్యాలరీలు, అదే ఊళ్లో ఆఫీసు గుమాస్తాది 2,800.

మన దేశంలో ఈ లెక్కలు చూసే సంస్థ హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో బెరిబెరి జబ్బు పరిశోధనకు మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల అది. 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969 నుంచి ఇప్పటి పేరుతో ఉంది. భారతీయులు విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తి విదేశీ సూత్రాలు చెప్పినదానికంటే తక్కువని గుర్తించి, మన నిపుణులు లెక్కను తగ్గించి వేసుకున్నారు. వాచీల్లోని సూత్రాలకు ఈ తేడా తెలిసే అవకాశం తక్కువ. 2020లో భారత వైద్య పరిశోధన మండలి, ఈ సంస్థ కలిసి ఇచ్చిన అంకెలివి. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2,110 క్యాలరీలు. ఓ మోస్తరు శ్రమ చేసేవాడికి 2,710. కఠిన శ్రమ చేసేవాడికి 3,470. ఆడవాళ్లకు వరుసగా 1,660, 2,130, 2,720.

ఇలాంటి అంకెలు ఆసుపత్రి గోడకే పరిమితం కాలేదు. కూనూరు ప్రయోగశాలకు 1935 నుంచి పదేళ్లు అధిపతిగా ఉన్న ఆక్రాయిడ్, ఓ మోస్తరు పని చేసే భారతీయుడికి రోజుకు 2,700 క్యాలరీలు కావాలన్నాడు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమావేశం కనీస వేతనం ఎంతుండాలో తేల్చడానికి ఆక్రాయిడ్ లెక్కనే తీసుకుంది. తిండికి ఆయన లెక్క, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు. 1979లో పేదరికం గీత గీసినప్పుడు కూడా కొలబద్ద క్యాలరీయే, పల్లెలో మనిషికి 2,400, పట్నంలో 2,100. ఒక మనిషి వదిలిన గాలిని సంచిలో పట్టి కొలిచిన కొలత, ఇంకో మనిషి జీతమై, రేషనై వచ్చింది. లెవోయిజర్ ప్రశ్నకు మన దేశం ఇచ్చిన జవాబు ఇది. పూర్తి జవాబు కాదు, అయినా జవాబే.

అందులో ఒక లోటు గట్టిగా చెప్పాలి. 1957 లెక్కలో కుటుంబం అంటే మూడు వినియోగ పాళ్లు. పనిచేసే మగవాడు ఒక పాలు, భార్య 0.8, ఇద్దరు పిల్లలు తలా 0.6. ఆడమనిషి శ్రమ మగవాడి శ్రమను మించదనే ఊహ మీద నిలిచింది ఆ 0.8. ఇప్పుడు 2020 అంకెలు మళ్లీ వినండి. కఠిన శ్రమ చేసే స్త్రీకి 2,720, ఓ మోస్తరు శ్రమ చేసే పురుషుడికి 2,710. ఆమె ఒంటి బరువు తక్కువైనా ఆమెకే పది క్యాలరీలు ఎక్కువ కావాలి. తెల్లవారుజామున ఒడ్డున చేపలు ఏరి, గంప నెత్తికెత్తుకుని ఊళ్లమ్మట తిరిగి, ఇంటికొచ్చి నీళ్లు మోసి వంట చేసే మత్స్యకార స్త్రీని 0.8 కింద లెక్కేయడం కొలతకే విరుద్ధం. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఆ లోటును ఇంకా పెంచుతుంది.

జువ్వలదిన్నె ఇసుక గురించి కూడా శాస్త్రం చెప్పిన మాట ఒకటుంది. బెల్జియంలోని లువేన్ విశ్వవిద్యాలయంలో లజూన్, అతని సహచరులు మనుషులను ఇసుకలో నడిపించి ఊపిరి కొలిచి, 1998లో ఫలితాలు ప్రకటించారు. అదే వేగంతో గట్టి నేల మీద నడవడం కంటే ఇసుకలో నడవడానికి 2.1 నుంచి 2.7 రెట్ల శక్తి పట్టింది. పరుగైతే 1.6 రెట్లు. అడుగు వేసినప్పుడల్లా పాదం కింద ఇసుక జరిగిపోతుంది, దాన్ని జరపడానికి పెట్టిన శక్తి తిరిగి రాదు. వల తాడు పట్టి వెనక్కి నడిచే మనిషి ఈ ఖర్చు మీద చేతుల ఖర్చు, నడుము ఖర్చు కూడా పెడతాడు. అతని మణికట్టుకు వాచీ కట్టినా అది తెల్లమొహమే వేస్తుంది. తాడు బిగించి పట్టిన చెయ్యి ఊగదు కాబట్టి వాచీలోని కదలిక కొలమానానికి అతను దాదాపు ఊరికే నిలబడ్డట్టే.

వాచీ చేసేది ఏమిటంటే, చెయ్యి ఎంత కదిలింది, నాడి ఎంత కొట్టుకుంది అని చూసి, మీరు ఇచ్చిన వయసు, బరువు, ఎత్తు కలిపి, కంపెనీ రాసిన సూత్రంలో వేసి ఒక అంకె చెప్పడం. ఊపిరిని అది చూడదు. 2017లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏడు రకాల చేతి పరికరాలను 60 మందికి కట్టి, ఊపిరి కొలతతో పోల్చారు. ఆరు పరికరాలు నాడిని బాగానే లెక్కపెట్టాయి, తప్పు ఐదు శాతం లోపే. క్యాలరీల దగ్గర మాత్రం అన్నీ తప్పాయి. వాటిలో మంచిది సగటున 27 శాతం, అధ్వాన్నమైనది 93 శాతం తేడా చూపించాయి. పరికరాలు ఆ తరువాత మెరుగుపడుతూ వచ్చాయి, కానీ పద్ధతి అదే.

మన తీరంలో దీనికి ఉక్కపోత తోడవుతుంది. రోహిణీ కార్తెలో ఉదయం ఏడింటికే ఒళ్లు తడిసిపోతుంది. ఎండలో, తేమలో నడిస్తే గుండె ఒక్క కాళ్లకే కాదు, ఒంటిని చల్లబరచడానికి చర్మానికి కూడా రక్తం పంపాలి. నాడి పెరుగుతుంది. వాచీ ఆ నాడిని చూసి ఎక్కువ క్యాలరీలు అంటుంది. నిజంగా కండరాలు చేసిన పని పెరగలేదు. చెమట విషయంలోనూ ఇలాంటి పొరపాటే ఉంది. నడక తరువాత తూకంలో కిలో తగ్గితే అది నీళ్లు, కొవ్వు కాదు. చొక్కా కింద ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఎండలో పరుగెత్తేవాళ్లకు దక్కేది వడదెబ్బ. సముద్రపు గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకని ఈ తీరంలో వేసవి నడక పొద్దు పొడవకముందే ముగించాలి, నీళ్లు తాగుతూ ఉండాలి.

తొడుగు లేకుండా, గది లేకుండా రోజుల తరబడి కొలిచే పద్ధతి కూడా ఉంది, దాన్ని తాగేస్తారు. మామూలు నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కంటే కాస్త బరువైన రకాలతో చేసిన నీరు అది. బరువు హైడ్రోజన్ నీటి రూపంలో, అంటే మూత్రం, చెమట వంటివాటిలో మాత్రమే బయటికి పోతుంది. బరువు ఆక్సిజన్ వాటిలోనూ పోతుంది, ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుగా కూడా పోతుంది. రెండు వారాలు మూత్రం పరీక్షించి రెండూ ఏ వేగంతో తగ్గాయో చూస్తే, ఊపిరిలో ఆ వాయువుగా పోయిందెంతో తెలుస్తుంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లిఫ్సన్ దీన్ని కనిపెట్టాడు. ఖరీదు వల్ల మనుషుల మీద వాడటం 1982 దాకా కుదరలేదు.

ఆ నీటితోనే 2012లో ఒక వింత బయటపడింది. టాంజానియాలో వేట మీద, దుంపల మీద బతికే హడ్జా ప్రజలు రోజూ ఎంతో నడుస్తారు. వాళ్ల రోజువారీ ఖర్చును పాంట్జర్ బృందం కొలిస్తే, ఒంటి బరువుతో సరిచూసుకున్నాక అది అమెరికా, యూరప్ మనుషుల ఖర్చుకు దగ్గరగానే ఉంది. నడకకు ఎక్కువ పెట్టిన శరీరం లోలోపల ఇంకెక్కడో పొదుపు చేస్తోందని ఆయన వాదన. దాని మీద శాస్త్రజ్ఞుల మధ్య చర్చ ఇంకా సాగుతోంది. కష్టపడ్డవాడికి ఖర్చూ ఎక్కువని చూపిన స్కాట్లాండ్ గని కార్మికుడి అంకెలు దాని పక్కన పెట్టి చూసుకోవలసినవే. ఒక్క సంగతి వరకు రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. బరువు తగ్గాలంటే నడక ఒక్కటే చాలదు, కంచం కూడా చూసుకోవాలి.

మరి బోగోలులో నడిచే మనిషి ఏం చూసుకోవాలి? డాక్టర్లు, వ్యాయామ నిపుణులు వాడే పరీక్ష ఒకటి ఖర్చు లేనిది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అప్పుడు శ్రమ ఓ మోస్తరుగా ఉన్నట్టు. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే శ్రమ తీవ్రంగా ఉన్నట్టు. గుండె జబ్బు ఉన్నవాళ్లు అక్కడిదాకా వెళ్లేముందు డాక్టరును అడగాలి. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతకు ఈ మాటల పరీక్ష సరిపోతుంది.

వాచీ ఉన్నవాళ్లు దాన్ని తీసెయ్యనక్కర్లేదు. క్యాలరీల అంకెను వదిలి నాడి అంకెను పట్టుకుంటే అది నమ్మకంగా పనికొస్తుంది. వారానికి ఒక రోజు అదే దారి, అదే వేగం, అదే వేళ, ఎండ లేనప్పుడు నడిచి, చివర నాడి ఎంతో రాసుకోవాలి. రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా నడిచినవాళ్లకు అదే నడకకు నాడి తక్కువ కొట్టుకోవడం కనిపిస్తుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుందని దానర్థం. అదే రోజు వాచీ క్యాలరీలు తగ్గాయని చూపించవచ్చు. కంగారు పడనవసరం లేదు. ఒంటి బరువు మారకపోతే ఆ దారికి ఖర్చయ్యే ఆక్సిజన్ ఇంచుమించు మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే, తగ్గింది గుండె కొట్టుకోవడం ఒక్కటే.